ఆసుపత్రి బండిలో మోత

నమోదు 341. సోమవారం

ఆసుపత్రి బండికి గేరుబాక్సు నూనె మార్చాను. పాత నూనె పోసి పదమూడు నెలలయింది. పని చేసింది నూర్బాషా హుసేనమ్మ, నేలగూడెం షెడ్డు.

ఫ్యాక్టరీ నూనె డబ్బాలు అయిపోయి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు వాడుతున్నది మేం కాచుకున్న ఆముదమే. కొంచెం గంధకం కలిపి, సన్న మంట మీద మూడు రోజులు కాచి, రెండు మడతల గుడ్డలో వడకట్టినది. గుడ్డపందిళ్ళ కింద పండిన గింజలు. ఒలిచింది ఓబుళమ్మ అవ్వ. డెబ్బై రెండేళ్ళ మనిషి, కిడ్నీలు పోయి రెండేళ్ళు, అయినా చేతులు ఊరుకోవు. పొద్దున నేను డబ్బా తెచ్చుకోవడానికి వెళ్తే గుమ్మం దగ్గరే ఆపింది.

"మే హుసేనీ, నేనొలిచిన గింజలవి. బండి నున్నగా పోకుంటే నన్నడుగు."

"పోకుంటే నిన్ను దించేసి పోతాం అవ్వా."

"ముందు సీటు నాది. దించేదానికి నీ తాతగ్గూడా చేతకాదు."

బండి వేడిగా ఉన్నప్పుడే అడుగు బోల్టు తీశాను. పాత నూనె నల్లగా, చల్లారిన రాగిజావలా ముద్దలు ముద్దలుగా దిగింది. ఆముదం ముదిరితే బంక కడుతుంది, అదే అనుకున్నాను. పారబోయలేదు. తలుపు బందులకు పనికొస్తుందని డబ్బాలో పట్టి మూలన పెట్టాను. లోపలంతా కానుగ డీజిలుతో రెండుసార్లు కడిగాను. కొత్త నూనె పక్క రంధ్రంలోంచి కారేదాకా పోసి బిగించాను. తొమ్మిదింటికి ఎండ సైరన్ మోగింది. షెడ్డు మూసి నేలగదికి దిగాను. బయట యాభై ఒక్క డిగ్రీలు.

సాయంత్రం ఎండ వాలాక గంగులప్ప అన్న బండి బయటికి తీశాడు. పక్కన నేను కూర్చున్నాను. గేటు దాకా పోకముందే వినపడింది. ఖాళీ బిందెలో కందిరీగ పడినట్టు ఒకటే రొద. వేగం పెంచితే సన్నబడుతోంది, తగ్గిస్తే బొంగురు పోతోంది. పొద్దున నూనె మార్చకముందు ఈ శబ్దం లేదు.

"ఏందన్నా ఇది?"

"కొత్త నూనె గదమ్మా. సర్దుకుంటాది," అన్నాడు. నా వైపు చూడలేదు.

గంగులప్ప అన్నకు అరవై నాలుగు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక పానాలు నాకిచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. ఏ బండికైనా మోత వస్తే ముందు ఆపి, దిగి, చెవి పెట్టి వినమని నాకు చెప్పిన మనిషి. ఈరోజు ఆపలేదు.

నమోదు 342. మంగళవారం, ఉదయం

బ్యాటరీ బండ్లు ఎండకు ఉబ్బి చచ్చిపోయి పదకొండేళ్ళయింది. వాటి కళేబరాలు షెడ్డు వెనక వరసగా ఉన్నాయి. నేలగూడెంలో రెండు వందల పన్నెండు మందిమి. నడిచే బండి ఇదొక్కటే, గేర్లు మార్చి తోలే పాత రకం. గురువారం తెల్లారకముందే ముగ్గురిని ఎక్కించుకుని, ముల్కలచెరువు ఘాటు మీదుగా కొండమీది ఆసుపత్రికి నూట పది కిలోమీటర్లు పోతుంది. అక్కడ వాళ్ళ రక్తం కడుగుతారు. శుక్రవారం తిరిగొస్తుంది. వారానికి మూడుసార్లు జరగాల్సింది వాళ్ళకు ఒక్కసారే దొరుకుతోంది. ఆ ముగ్గురు ఓబుళమ్మ అవ్వ, వంటశాలలో పనిచేసే సిద్ధయ్య, నా చెల్లెలు మస్తానమ్మ.

అందుకే పొద్దున నాలుగింటికే పని మొదలుపెట్టాను.

నూనె మార్చాక మోత వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది మార్చిన చేతినే. షెడ్డు నేల వాలుగా ఉంటుంది. వాలులో పోస్తే నిండకముందే నిండినట్టు కారుతుంది. బండిని చదును మీదికి తెచ్చి నీళ్ళ గొట్టంతో మట్టం చూసి మళ్ళీ పోశాను. గ్లాసుడు కూడా పట్టలేదు. మోత తగ్గలేదు.

రెండో అనుమానం నూనె మీద. పలచనయిందేమోనని సగం తీసి, చిక్కగా కాచిన ఆముదం కలిపాను. కందిరీగ గొంతు కొంచెం బరువెక్కిందే గానీ పోలేదు.

అప్పుడు పద్ధతిగా మొదలుపెట్టాను. బండి నిలబెట్టి, ఇంజను నడిపించి, గేరు వేయకుండా విన్నాను. మోత ఉంది. క్లచ్చు తొక్కితే ఆగింది. వదిలితే వచ్చింది. అంటే చక్రాలది కాదు, ఇంజనుది కాదు, గేరుబాక్సు లోపలిదే. తర్వాత తోలి చూశాను. ఒకటి, రెండు, మూడు, అయిదు గేర్లలో రొద ఒకే రకం. నాలుగులో మాత్రం సగానికి పడిపోయింది. నాలుగో గేరులో బలం పై షాఫ్టు నుంచి నేరుగా చక్రాలకు పోతుంది. మిగతా గేర్లన్నిటిలో కింది షాఫ్టు మీదుగా తిరిగి రావాలి. కాబట్టి జబ్బు కింది షాఫ్టుది. పొడవాటి స్క్రూడ్రైవరు మొన బాక్సుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వెనకనుంచి ముందుకు వెతుక్కుంటూ వచ్చాను. ముందు బేరింగు దగ్గర రాళ్ళు నమిలినట్టుంది.

నూనె మళ్ళీ దించి అడుగు బోల్టు అయస్కాంతం చూశాను. చేపపొలుసుల్లాంటి ఇనుప రేకులు అంటుకుని ఉన్నాయి.

ఒక్క రోజులో కొత్త నూనె చేసే పని కాదిది. నెలల అరుగుదల. మరి ఇన్ని నెలలూ మోత ఎందుకు రాలేదు?

నమోదు 343. మంగళవారం, సాయంత్రం

మూలన పెట్టిన పాత నూనెను గుడ్డలో వడకట్టాను. డీజిలు పోసి కడిగేసరికి గుడ్డలో గుప్పెడు రంపపు పొట్టు మిగిలింది. వేపచెక్కది.

ఈ పని గురించి గంగులప్ప అన్నే ఒకప్పుడు చెప్పాడు. అరిగిన బేరింగు సందుల్లోకి పొట్టు చేరి మెత్తగా పరుచుకుంటుంది, మోత వినపడదు. పాత కాలంలో పనికిరాని బండ్లు అమ్మేవాళ్ళు చేసేవారట. జబ్బు తగ్గదు, మూలుగు ఆగుతుంది, అంతే. నిన్న నేను కడిగేసింది ఆ పొట్టునే.

ఆయన బండి అద్దం తుడుస్తున్నాడు. గుడ్డ తెరిచి ముందు పెట్టాను.

"ఎవురు పోసినారన్నా?"

ఆయన ఒకసారి చూసి, మళ్ళీ అద్దం తుడిచాడు. "నేనే. మూడు నెల్లయింది. పోయిన నెల ఇంగోసారి పోస్తి."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే పుస్తకంలో రాస్తావు. రాస్తే విమలమ్మ బండి ఆపుతాది. ఆపితే మస్తానీ ఎన్ని దినాలుంటాదో నీకు తెలీదా?" చేతిలో గుడ్డ కింద పడింది, తీసుకోలేదు. "నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు తల్లీ. అందుకే నీకు చెప్పల్యా."

నాకు కోపం రావలసింది. పొట్టున్న గుడ్డ మూట కట్టి, బండి మెట్టు మీద కూర్చున్నాను.

"రేపు గుప్పెడు పోస్తా," అన్నాడాయన మెల్లగా. "ఎల్లుండి పోయొస్తాం. శుక్రవారం వచ్చినాక విప్పుదాం. ఒక్క ట్రిప్పు."

"ఘాటులో పట్టేస్తే?"

"పట్టేయదు."

"నా మీద చెయ్యేసి చెప్పు."

చెయ్యి లేపాడు. దించేశాడు. "చెప్పలేను," అన్నాడు.

మూడేళ్ళ కిందట మా రెండో బండి ఆ ఘాటులో పొద్దున పదింటికి ఆగిపోయింది. నీడ లేదు. ఆరుగురున్నారు. మధ్యాహ్నం మా వాళ్ళు చేరేసరికి ఒక్కరు కూడా ప్రాణంతో లేరు. అందులో విమలమ్మ భర్త ఉన్నాడు. గేరుబాక్సులో మోతున్న బండి గేటు దాటకూడదన్న నియమం అప్పుడు పుట్టింది. బండి కదిలే ముందు గూడెం పెద్దగా విమలమ్మ ఈ పుస్తకం చదివి సంతకం పెట్టే పద్ధతీ అప్పుడే పుట్టింది.

పై పేరా దాకా రాసి కలం పెట్టేశాను. ఈ పేజీ చింపేసి, నూనె మార్చాను, బండి బాగుంది అని రెండు ముక్కలు రాయడం ఎంతసేపు? ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో ఇప్పటికీ తెలియదు. ఘాటులో చనిపోయినవాళ్ళు గుర్తొచ్చి అని చెప్పుకోవచ్చు. చేయి అలవాటుపడి అని కూడా చెప్పుకోవచ్చు.

నమోదు 344. బుధవారం

మధ్యాహ్నం నేలగదిలో మస్తానీ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు. కాళ్ళు వాచి మిషను పెడలు మీద ఆనడం లేదు. అయిదు రోజులు గడిస్తే ఎప్పుడూ అంతే. నేను చెప్పకముందే గంగులప్ప అన్న ఆమెకు చెప్పేశాడు.

"నువ్వేమంటావు?" అన్నాను.

"నన్నడగద్దు అక్కా."

"నీ ప్రాణం గదే."

"అందుకే అడగద్దంటాండేది. అడిగితే పొయ్యమంటా. పొట్టు పోసి, నన్నెక్కించి పంపీమంటా. ఘాటులో ఆగితే ఆగనీ అంటా. నాకు బతకల్లని ఉంది. సిద్ధయ్యకు ఇద్దరు పిల్లోళ్ళు, అవ్వకు అంత వయసు, అన్న ముసిలోడు. వాళ్ళ సంగతి నాకు గుర్తే రాదు అప్పుడు. నన్ను అట్లాంటి మనిషిని చేయద్దు."

మిషను చక్రం మీద చేయిపెట్టి వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఉండిపోయింది. నేను పైకి వచ్చేశాను.

సాయంత్రం విమలమ్మ పుస్తకం చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తల ఎత్తకుండా అడిగింది.

"బాగు చేస్తే ఎన్ని దినాలు?"

"ఇప్పి, చేసి, బిగించేకి నాలుగు. బేరింగు లేదు, ఏదో ఒకటి చేయల్ల."

"కొండ మింద నుంచి బండి రమ్మని అడుగుతా ఉండు." రేడియో గదికి వెళ్ళి అరగంటకు వచ్చింది. "వాళ్ళ బండికి టైర్లు ల్యా." ఇంకేదో చెప్పబోయి ఆగింది. పుస్తకంలో కింద 'నిలిపివేయడమైనది' అని రాసి సంతకం పెట్టింది.

గంగులప్ప అన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తిట్టమన్నట్టే నిలబడ్డాడు. విమలమ్మ ఆయన్ను చూసి నాతో అంది.

"ఈయన్నేమనల్లో నాకు తెలీదు హుసేనమ్మా. ఆ పొద్దు మా ఆయన పోయిన బండిక్కూడా మోత ఉన్న్యంట. డ్రైవరుకు తెలుసని ఆయప్ప పెండ్లాం తర్వాత చెప్పింది. ఆయప్ప గూడా ఆసుపత్రికి పోయేవాళ్ళకోసమే దాచినాడు."

నమోదు 345. గురువారం

తొలి వెలుగుకు షెడ్డు తలుపు తీసేసరికి ఓబుళమ్మ అవ్వ బండి ముందు సీట్లో కూర్చుని ఉంది. ఉతికిన చీర, ఒళ్ళో ఆసుపత్రి సంచి. ఎవరు తలుపు తెరిచారో, ఎలా ఎక్కిందో.

"బండి పోదవ్వా. నిన్ననే చెప్పినారు గదా."

"తెలుసు మే. పండుకుంటే ఊపిరాడ్డంల్యా. ఈడ కూచుంటే ఆడతాంది."

ఆమెను దించలేదు. వీపు వెనక రెండు సంచులు పెట్టి, బండి జాకీల మీద ఎత్తాక కూడా అలాగే ఉంచాను. నేనూ గంగులప్ప అన్నా కింద పడుకుని బోల్టులు తీస్తుంటే పైన ఆమె ఊపిరి వినపడుతోంది. పీల్చినప్పుడు సన్నగా నీళ్ళ శబ్దం. గేరుబాక్సు శబ్దాలకు పేర్లున్నాయి, కారణాలున్నాయి, పానాలున్నాయి. దీనికి కొండమీద ఒక మిషనుంది. నా దగ్గర లేదు.

ఎనిమిదింటికి బాక్సు దించాం. ఎనిమిదిన్నరకు కింది షాఫ్టు బయటికి వచ్చింది. ముందు బేరింగు పరిస్థితి ఇది: గుండ్లను పట్టి ఉంచే రేకు రెండు చోట్ల తెగింది. తొమ్మిది గుండ్లలో రెండింటికి గుంటలు పడ్డాయి. బయటి వలయం పొట్టు లేస్తోంది.

గంగులప్ప అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"వచ్చుండునా?" అన్నాడు.

నియమం ప్రకారం తేలినదే రాయాలి. తేలింది ఇది: ఇంకొక్క ట్రిప్పు వచ్చేదేమో. రాకపోయేదేమో. రేకు తెగిన చోట ఒక గుండు పక్కకు జారి ఉంటే ఘాటులో పట్టేసేది. జారకపోతే ఈపాటికి అవ్వ మంచం మీద పడుకుని ఉండేది, మిషను తిరుగుతూ ఉండేది. నా ఇరవై రెండేళ్ళ పనిలో ఇంతకు మించి ఖచ్చితంగా చెప్పలేని బేరింగు చూడలేదు.

ఆయనకు అదే చెప్పాను. తలూపి, బేరింగును గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

నమోదు 346. శుక్రవారం

ఈ రకం బేరింగు మూడు వందల కిలోమీటర్ల లోపల ఏ గూడెంలోనూ లేదని రేడియోలో తెలిసింది. ఎండిపోయిన బోర్లలోంచి తీసిన మోటార్లు మా దగ్గర కుప్పగా ఉన్నాయి. వాటిలో పెద్దదాని కంచు బుష్, షాఫ్టు తిరిగే గొట్టం ముక్క, బయటికి లాగాను. సోలారు ఉన్నప్పుడే లేతు మిషను తిరుగుతుంది, నడి ఎండలో షెడ్డులో నిలవలేం. ఆరు నుంచి తొమ్మిది, మళ్ళీ నాలుగు నుంచి ఆరు. బేరింగు ఉండే చోట సరిపోయేలా బయట, షాఫ్టు దూరేలా లోపల చెక్కాను. నూనె పారడానికి మూడు గాడులు తీశాను. మొదటిది వెంట్రుకంత వదులయింది. పారేసి రెండోది మొదలుపెట్టాను.

కంచు గుండ్ల బేరింగు కాదు. రాసుకుని తిరుగుతుంది, వేడెక్కుతుంది, తింటుంది. నూట పది కిలోమీటర్లు పోతుందని నా అంచనా. తిరిగి రాదు.

సిద్ధయ్య సాయంత్రం షెడ్డుకు అన్నం తెచ్చాడు. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. ఎప్పుడవుతుందని అడగలేదు. "ఉప్పు వేయలేదక్కా, మా ముగ్గురికోసం అందరికీ తగ్గించినారు వంటశాలలో," అని క్షమాపణ చెప్పినట్టు చెప్పి పోయాడు.

నమోదు 347. శనివారం

పని జరగలేదు. కారణం: ఓబుళమ్మ అవ్వ చనిపోయింది.

ఉదయం ఏడున్నరకు. కూర్చునే పోయింది. నేలగదిలో గోడకు ఆనించిన బల్ల మీద, ఒళ్ళో చాటతో. చాటలో ఆముదపు గింజలున్నాయి. సగం ఒలిచినవి, సగం ఒలవనివి.

ఎండెక్కకముందే పూడ్చాలి కాబట్టి ఎనిమిదిన్నరకల్లా అంతా అయిపోయింది. మట్టి వేసి వచ్చేటప్పుడు గంగులప్ప అన్న నా పక్కన నడిచాడు.

"నేను పొట్టు పోసుంటే ఉండేది," అన్నాడు.

నేను నడక వేగం పెంచాను. మాట్లాడితే ఏడుపొచ్చేది, లేదా ఆయన మూడు నెలల ముందే చెప్పి ఉంటే నాకు కావలసినంత సమయం ఉండేదన్న మాట వచ్చేది. ఆయనన్నదీ నిజమే, ఇదీ నిజమే. షెడ్డుకు వచ్చి తలుపు మూసుకున్నాను. ఆ బుష్ శుక్రవారం ఒక్క రోజులోనే చెక్కగలిగి ఉండేదాన్నా, మొదటిదాన్ని ఆ వెంట్రుకంత వదులుతోనే బిగించి ఉంటే ఏమయ్యేది, బుధవారం రాత్రి నిద్రపోకుండా ఉంటే, ఇలా లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. సైరన్ మోగినా కిందికి దిగలేదు. మస్తానీ ఆ వాచిన కాళ్ళతో మెట్లెక్కి వచ్చి, చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయింది.

నమోదు 348. ఆదివారం

తెల్లారేసరికి గంగులప్ప అన్న లేతు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నీ మింద కోపం ల్యా తల్లీ," అన్నాడు. "ఎవురి మింద పెట్టుకోవల్లో తెలీకుండా ఉంది. పా, పని చేద్దాం."

రెండో బుష్ సరిగ్గా కూర్చుంది. షాఫ్టు చేత్తో తిప్పితే ఆగకుండా తిరిగింది. సాయంత్రానికి బాక్సు బిగించి, గంధకం కలపని ఆముదం పోశాను. కంచుకు గంధకం పడదు. ఇంజను నడిపి, గేరు వేయకుండా విన్నాం. కందిరీగ లేదు. మెత్తటి, బరువైన రాపిడి ఉంది. దాని ఆయుష్షు ఎంతో మా ఇద్దరికీ తెలుసు.

విమలమ్మ వచ్చి పుస్తకం చదివింది. "తిరిగి రాదని రాసినావు."

"రాదు."

ఆమె అక్కడే డబ్బా మీద కూర్చుంది. "ఇద్దరిని పెట్టుకుంటారంట కొండ మింద. శానాళ్ళకు, అక్కడే. రెండు మంచాలుండాయంట."

"ఎప్పుడు చెప్పినారు?"

"బుధవారం." పమిట కొంగుతో నోరు అదుముకుంది. "ముగ్గురుండంగా ఎట్ల చెప్పేది హుసేనమ్మా? ఎవుర్ని పంపల్లని మీటింగు పెట్టేదా? శనివారం దాకా ఆ మాట కడుపులో పెట్టుకోని తిరిగినా. ఇప్పుడు సరిపాయ."

సరిపోయింది అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆమె ముఖం చూడలేకపోయాను.

నమోదు 349. సోమవారం, ఉదయం

బండి 4.50కి గేటు దాటింది. ఎక్కినవాళ్ళు: గంగులప్ప, సిద్ధయ్య, మస్తానమ్మ. సిద్ధయ్య పిల్లలిద్దరూ పెద్దమ్మ దగ్గరే ఉండిపోయారు. నేనెక్కలేదు. నా బరువు ఘాటులో కంచు మీద పడుతుంది. పైగా నీళ్ళ పంపు చూసేవాళ్ళు నేలగూడెంలో ఇంకొకరు లేరు.

గంగులప్ప అన్నకు మూడోసారి చెప్పాను. చదును రోడ్డు మీద నాలుగో గేరే. ఘాటులో రెండో గేరు, మూడు జోలికి పోవద్దు. పది కిలోమీటర్లకోసారి దిగి బాక్సు మీద చెయ్యి పెట్టు. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే పావుగంట ఆపు.

"నీకు నేర్పింది నేనే గదమ్మా," అని నవ్వాడు. ఇన్ని రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

మస్తానీ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక కూర్చుంది. కిటికీలోంచి నా జుట్టు సర్దింది. పదకొండు రోజుల విషం ఒంట్లో ఉంది, నోటినుంచి ఒక రకం వాసన వస్తోంది, అయినా గొంతు పాతదే.

"ఆ కుట్టుమిషను బెల్టు జారతాందని ఏడాదినుంచి మొత్తుకుంటిని. ఊరందరి సామాన్లూ బాగుచేస్తావు, నాది చేయవు."

"చేస్తాలే."

"ఇంగెవురు కుడతారు దాని మింద? నీకు గుండీ కుట్టేకి రాదు." నవ్వబోయి ఆపింది. "అక్కా, బుధవారం నన్నడిగినావు చూడు. నేను చెప్పిందంతా నిజమే. ఇప్పుడడిగినా అదే చెప్తా. అవ్వ పోయిందని తెలిసినా అదే చెప్తా. నన్ను మంచిదాన్నని మాత్రం అనుకోవద్దు."

"అనుకోనులే," అన్నాను. ఆమె చెయ్యి నా తలమీదే ఉంది. బండి కదిలేదాకా తీయలేదు.

మొదటి గేరు, రెండు, మూడు ముట్టుకోకుండా కొంచెం ఆగి, నాలుగు. ఆ తర్వాత నాకేమీ వినపడలేదు.

నమోదు 350. సోమవారం, సాయంత్రం

ఆరింటికి రేడియో పలికింది. గంగులప్ప అన్న గొంతు.

ఘాటు ఎక్కడానికి గంటన్నర పట్టిందట. అయిదుసార్లు ఆపారు. ఘాటు దాటాక ఆసుపత్రి కొండ మొదట్లో, ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, కంచు షాఫ్టుకు అతుక్కుపోయి బండి ఆగింది. అప్పుడు ఎనిమిది నలభై. సిద్ధయ్య రోడ్డు మీద కూలబడ్డాడు. ఆసుపత్రివాళ్ళు తోపుడుబండ్లు తెచ్చి, తడిబట్టలు కప్పి పైకి తీసుకుపోయారు. ఇద్దరి రక్తమూ కడగడం మొదలయింది. బండిని రోడ్డు పక్కకు తోసేశారు.

"ఇద్దరూ ఉండారు తల్లీ," అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

ఆయన తిరిగి రావడానికి దారి లేదు. నూట పది కిలోమీటర్లు నడిచే వయసు కాదు. అక్కడి నీళ్ళ మోటారు చూసుకుంటూ ఉండిపోతానన్నాడు. గరగర మధ్యలో గొంతు ఆగింది. రేడియో పోయిందనుకున్నాను. పోలేదు.

"హుసేనమ్మా, నా తరపున ఒకటి రాయి పుస్తకంలో. పొట్టు పోసింది గంగులప్ప అని రాయి. అవ్వ పేరు పక్కన."

రాయలేనని చెప్పాను. మంగళవారం ఎవరు ఏం చేశారో అక్కడ ఉంది. శనివారం ఏం జరిగిందో అక్కడ ఉంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి రాయడం నాకు చేతకాదు. అలా రాయాలంటే ఇంకొక పేరు, నాది కూడా రాయాలి.

నమోదు 351. గురువారం

షెడ్డులో బండి లేదు. ఈ పుస్తకం ఇంక అక్కరలేదని విమలమ్మ అంది. పంపు పనికి వేరే పుస్తకం ఇచ్చింది. దీన్ని ఈరోజుతో ముగిస్తున్నాను. పానాలు నూనె రాసి కట్ట కట్టాను. విరిగిన బేరింగు పాత ఇనుములో వేశాను.

సాయంత్రం ఆరింటికి రేడియో గదికి రమ్మని కబురొచ్చింది. మస్తానీ. ఆమె స్వయంగా మాట్లాడటం ఇదే మొదలు. వారానికి మూడుసార్లు కడుగుతున్నారట. కాళ్ళ వాపు దిగిందట. సిద్ధయ్యకు అన్నం సయిస్తోందట. నర్సుల చొక్కాలు చిరిగి ఉంటే కుట్టిందట. అన్నీ గబగబా చెప్పింది, రేడియో పది నిమిషాలే ఉంటుందని.

అవ్వ పేరు ఇద్దరం ఎత్తలేదు.

"అక్కా, ఈడ వాన పడతాంది," అంది ఉన్నట్టుండి. "అబద్ధం కాదు. నిలబడి చూస్తాండా. నీకినిపిస్తా ఉండు."

కుర్చీ జరిపిన శబ్దం, కిటికీ తెరిచిన శబ్దం. మైకు బయట పెట్టి ఉంటుంది. నేలగూడెంలో చివరి వాన పడి మూడేళ్ళు. విమలమ్మ, రేడియో చూసే ఆమె, నేను, ముగ్గురం ముందుకు వంగాం.

గరగరమని ఒకటే రొద. సన్నబడుతోంది, మళ్ళీ బరువెక్కుతోంది. ఏ శబ్దం ఎక్కడిదో చెప్పడమే నా పని. అది వానో, ఆ పాత రేడియోలో ఎప్పుడూ ఉండే గరగరో నాకు తెలియలేదు.

"వినపడతాందా అక్కా?"

"వినపడతాంది," అన్నాను.

పది నిమిషాలూ అయిపోయేదాకా అది వింటూ కూర్చున్నాం.